మైనస్ 30లో ఏ బ్యాటరీ పెట్టుకోవాలి?

ప్రశ్న: నమస్కారం అండీ. మాది గుంటూరు. నేను మినియాపొలిస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నిరుడు ఇంకో రెండు కుటుంబాలతో కలిసి ఉత్తర మిన్నెసోటాలో, టవర్ అనే ఊరి దగ్గర సరస్సు ఒడ్డున చిన్న క్యాబిన్ కొన్నాం. కరెంటు లైను లేదు. పాత యజమాని వెనక షెడ్డులో 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు (ఒక్కోటి 100 ఆంపియర్ అవర్లు, అంటే 100 ఏహెచ్), కప్పు మీద 100 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు పెట్టి ఉన్నాడు. మేం వెళ్లేది శని, ఆదివారాలే. గ్యాస్ ఫర్నేస్ ఫ్యాను, లైట్లు, ఫోన్లు, ఒక లాప్‌టాప్, ఇంతే వాడకం. జనవరిలో ఒకసారి వెళ్లొచ్చి, మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్తే ఒక బ్యాటరీ పొట్ట ఉబ్బి పగిలిపోయింది. రెండోది చార్జ్ పట్టడం లేదు. షాపువాళ్లు లిథియం తీసుకోండి, చలికి తిరుగుండదు అంటున్నారు. నాన్నగారేమో ఇంట్లో ఇన్వర్టర్‌కి ఆరేళ్లుగా లెడ్ బ్యాటరీయే వాడుతున్నాం, దాన్ని వదలొద్దు అంటున్నారు. చలికి ఏది మంచిది? శీతాకాలమంతా అక్కడే వదిలేయొచ్చా? కారుకి కూడా లిథియం వేయించమని తమ్ముడి సలహా. వేయించనా?

సమాధానం: టవర్ అన్న పేరు చూడగానే కళ్లజోడు సర్దుకున్నాను. మిన్నెసోటా రాష్ట్రంలో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత ఆ ఊరి దగ్గరే. 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీలు, మీ అమెరికా లెక్కలో మైనస్ 60 ఫారెన్‌హీట్. క్యాబిన్ కొనడానికి మీకు ఇంకెక్కడా సరస్సు దొరకలేదా అని అడగాలనిపించింది కానీ, కొనేశారు కాబట్టి వదిలేద్దాం. ఇక్కడినుంచి సెల్సియస్‌లోనే చెప్తాను.

కొత్త బ్యాటరీ సంగతి తర్వాత. పాతది ఎందుకు పోయిందో తేలకపోతే కొత్తదీ అదే దారిన పోతుంది. మీ ఫర్నేస్ ఫ్యాను 12 వోల్టుల మీద 7, 8 ఆంపియర్లు లాగుతుంది. ఆ చలిలో రోజులో సగం సేపైనా తిరుగుతుంది. ఆంపియర్లని గంటలతో గుణిస్తే రోజుకి 90 ఏహెచ్ ఒక్క ఫ్యానుకే. శుక్రవారం రాత్రి వెళ్లి ఆదివారం మధ్యాహ్నం బయల్దేరేలోపు 150 దాకా అవుతుంది. లైట్లు, ఫోన్లు, లాప్‌టాప్ కలిపి ఇంకో 25 వేసుకోండి. మొత్తం 175. మీ దగ్గర ఉన్నది 200 కదా అంటారేమో. ఆ 200 అన్న అంకె, 25 డిగ్రీల వెచ్చదనంలో, మెల్లగా 20 గంటలపాటు వాడితే వచ్చేది. షెడ్డులో మైనస్ 20 ఉంటే లెడ్ బ్యాటరీ అందులో సుమారు సగమే ఇస్తుంది. ఆ సగంలోనూ అడుగంటా వాడకూడదు. కాబట్టి నా అంచనా ప్రకారం మీరు నిశ్చింతగా వాడుకోదగ్గది ఒక్క రాత్రికి కూడా చాలదు. ఆ ఆదివారం పొద్దున లైట్లు మసకగా వెలిగాయా లేదా, ఒకసారి గుర్తు చేసుకోండి.

ఆ స్థితిలో తలుపుకి తాళం వేసి వచ్చేశారు. ప్యానెళ్ల మీద మంచు. డిసెంబరు, జనవరిల్లో అక్కడ పగలు ఎనిమిది, తొమ్మిది గంటలే. శీతాకాలపు నడిమధ్యలో మిట్ట మధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి 19 డిగ్రీల పైకి రాడు. బ్యాటరీలోకి ఏమీ తిరిగి రాలేదు.

లెడ్ బ్యాటరీలో యాసిడ్ అంటే కరెంటు పారడానికి దారి ఒక్కటే కాదు, అది కూడా ఖర్చయ్యే సరుకే. బ్యాటరీ దిగుతున్నకొద్దీ యాసిడ్‌లోని సల్ఫేటు ప్లేట్లకి పట్టేస్తుంది, మిగిలేది పులుపు పోయిన నీళ్లచారులాంటి ద్రవం. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీలో యాసిడ్ మైనస్ 55కి దిగినా గడ్డకట్టదు. సగం దిగితే మైనస్ 25 దగ్గర గడ్డకడుతుంది. పూర్తిగా దిగిపోతే మైనస్ 10 కూడా అక్కర్లేదు. గడ్డకట్టిన నీళ్లు వ్యాకోచిస్తాయి, ప్లేట్లు వంకర తిరుగుతాయి, డబ్బా చీలుతుంది. మీ బ్యాటరీని చలి ఒక్కటే చంపలేదు, ఖాళీగా వదిలేసి రావడం చంపింది. పక్కపక్కనే, అదే షెడ్డులో, నిండుగా చార్జ్ చేసిన బ్యాటరీ ఉండి ఉంటే మార్చి దాకా హాయిగా నిద్రపోయేది.

ఇది నాకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. టెలికాం టవర్ల పని మీద లేహ్ వైపు రెండు శీతాకాలాలు గడిపాను. పొద్దున్నే హైడ్రోమీటర్ పట్టుకుని బ్యాటరీ గదికి వెళ్లడం, గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం, కొలిచి రాసుకోవడం నా పని. ఒకరోజు డీజిల్ జనరేటర్ మొరాయించి రెండు రాత్రులు బ్యాటరీల మీదే నడిచింది. మూడో రోజు పొద్దున హైడ్రోమీటర్ గొట్టం లోపలికి దిగలేదు. టక్కుమని చప్పుడు, అడుగున గాజులా మంచు. మా కుర్రాడు ఒకడు ఆత్రంగా చార్జర్ క్లిప్పులు తెచ్చి తగిలించబోయాడు. చెయ్యి పట్టుకుని లాగాను. గడ్డకట్టిన బ్యాటరీకి చార్జింగ్ పెడితే లోపల పుట్టిన గ్యాస్ బయటికి పోయే దారి లేక పేలొచ్చు. మీరూ, మీ మిత్రులూ ఇది గుర్తుపెట్టుకోవాలి. అలాంటిదాన్ని ముందు వెచ్చటి చోట పూర్తిగా కరగనివ్వాలి, డబ్బాకి చీలిక కనిపిస్తే ఇంక ఆశ వదులుకుని షాపులో తిరిగి ఇచ్చేయాలి. మీదాంట్లో యాసిడ్ కారి ఉంటుంది కాబట్టి గ్లౌజులు వేసుకుని, వంటసోడా నీళ్లతో ఆ చోటంతా కడగండి. చార్జ్ పట్టని రెండోదాని మీద కూడా టైం వేస్ట్ చేయొద్దు.

ఇక లిథియం. షాపువాడు అమ్ముతున్నది బహుశా లిథియం ఐరన్ ఫాస్ఫేట్, పొట్టిగా ఎల్ఎఫ్‌పీ. ఫోన్లలో మామూలుగా ఉండే రకం కాదు, దానికంటే నిదానమైన రసాయనం. 1990ల్లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ బృందం వెలికితీసింది. ఆయనకి 2019లో నోబెల్ కూడా వచ్చింది. మంచి బ్యాటరీ, అందులో నాకు అనుమానం లేదు. 100 ఏహెచ్ ఉన్నది 12 కిలోలు తూగుతుంది, అదే లెడ్ అయితే 28, 30 కిలోలు. దాదాపు అడుగుదాకా వాడుకోవచ్చు. వేల సార్లు చార్జ్ అవుతుంది. మైనస్ 20లో దీని బలం కూడా తగ్గుతుంది, ఎంతన్నది తయారీని బట్టి ఉంటుంది కానీ సగానికి పైనే మిగులుతుంది. పైగా దాన్ని అడుగంటా వాడొచ్చు కాబట్టి చేతికొచ్చే కరెంటు లెడ్‌కి రెట్టింపు దాటుతుంది. ఇంతవరకు షాపువాడు చెప్పింది నిజం.

వాడు చెప్పనిది ఇంకొకటుంది. సున్నా కంటే కింద దీన్ని చార్జ్ చేయకూడదు. వాడొచ్చు, చార్జ్ చేయకూడదు. చార్జ్ అయ్యేటప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్యకి దూరి సర్దుకోవాలి. చలిలో గ్రాఫైట్ వాటిని త్వరగా లోపలికి రానివ్వదు. గుమ్మం బయట గుంపు పోగైనట్టు అవి పైనే ఆగి, లోహంగా మారి పేరుకుపోతాయి. అలా పేరుకున్నదాంట్లో చాలావరకు మళ్లీ పనికి రాదు, బ్యాటరీ సామర్థ్యం అంతమేరకు శాశ్వతంగా పోతుంది. అది సూదుల్లా పెరిగితే లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. బయటికి ఏమీ తెలియదు. ఆరోజు చార్జింగ్ బాగానే ఎక్కినట్టు కనిపిస్తుంది. ఒక్క ముక్కలో, లెడ్‌కి ఖాళీ కడుపుతో పడుకోవడం పడదు, లిథియంకి చలిలో భోజనం పడదు.

అందుకే మంచి ఎల్ఎఫ్‌పీ బ్యాటరీల్లో బీఎంఎస్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది. సెల్లు సున్నాకి దగ్గరపడగానే చార్జింగ్ ఆపేస్తుంది. చవకరకం వాటిలో కొన్నింటికి ఈ సౌకర్యం ఉండదు, డబ్బా మీద మాత్రం బీఎంఎస్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. కొనేముందు స్పెసిఫికేషన్ కాగితంలో చలికి చార్జింగ్ ఆపే ఉష్ణోగ్రత ఎంత అన్నది అంకెలో రాసి ఉందో లేదో చూడండి. అంకె లేకపోతే ఆ సౌకర్యం లేదనే అనుకోవాలి.

దీనికి షాపువాడి దగ్గర జవాబు రెడీగా ఉంటుంది: లోపలే హీటర్ ఉన్న మోడల్ తీసుకోండి అంటాడు. రోజూ కరెంటు దండిగా వచ్చే చోట అది మంచి వస్తువే. మీ చోట లెక్క వేసి చూద్దాం. 12 కిలోల బ్యాటరీని మైనస్ 25 నుంచి ప్లస్ 5కి తేవాలంటే సుమారు 100 వాట్ అవర్లు కావాలి, అది కూడా వేడి బయటికి పోకుండా ఉంటే. రెండింటికి 200. మీ 200 వాట్ల ప్యానెళ్లు డిసెంబరులో మంచు లేకుండా, మబ్బు లేకుండా ఉన్న రోజున 300, 400 వాట్ అవర్లు ఇస్తే గొప్ప. ఆ చెక్క షెడ్డులో వేడి నిలవదు. వచ్చిన జీతమంతా అద్దెకే పోయినట్టు ఆ కరెంటంతా హీటర్లే తినేస్తాయి. తెల్లారితే మళ్లీ మొదటికే.

మీకు నేనిచ్చే సలహా కొంచెం విచిత్రంగా ఉంటుంది. ముందు బ్యాటరీ కొనకండి, ఆ ఫర్నేస్ ఫ్యాను సంగతి తేల్చండి. మీ వాడకంలో ఏడింట ఆరు వంతులు అదే. పొగ గొట్టం గోడలోంచి బయటికి పోయే, ఫ్యానూ కరెంటూ అక్కర్లేని గ్యాస్ గోడ హీటర్లు మీ దగ్గర దొరుకుతాయి, గది మొత్తాన్ని వెచ్చగా ఉంచుతాయి. కట్టెల పొయ్యి ఆ ప్రాంతంలో మామూలే, అదైనా సరే. ఏది పెట్టినా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పడగ్గది దగ్గర ఉండి తీరాలి. పొగ గొట్టం లేని హీటర్ మాత్రం వేసుకుని పడుకోవద్దు. ఫ్యాను పోతే మీ వాడకం వారాంతం మొత్తానికి 25, 30 ఏహెచ్‌కి దిగుతుంది.

అప్పుడు 100 ఏహెచ్ ఎల్ఎఫ్‌పీ ఒక్కటి చాలు. దాన్ని అక్కడ వదిలేయొద్దు, మీతో పాటే తీసుకెళ్లండి. 12 కిలోలంటే పిల్లల స్ట్రోలర్ మోసినంత. మినియాపొలిస్‌లో ఇంట్లో, వెచ్చగా, గోడ ప్లగ్గు మీద చార్జ్ చేసుకోండి. దానికి ఎల్ఎఫ్‌పీ కోసమే తయారైన చార్జర్ వాడండి, 20 ఆంపియర్లది అయితే ఐదారు గంటల్లో నిండిపోతుంది. కారులో సీటు కింద కదలకుండా బెల్టుతో కట్టి, టెర్మినళ్లకి మూతలు పెట్టి తీసుకెళ్లండి. డిక్కీలో కంటే మనుషులు కూర్చునే చోట వెచ్చగా ఉంటుంది. క్యాబిన్‌లో హాల్లోనే పెట్టుకోండి, షెడ్డులో కాదు. గ్యాస్ వదిలే రకం కాదు కాబట్టి ఇంట్లో పెట్టుకోవడానికి లెడ్‌కి ఉన్నంత ఇబ్బంది లేదు. పక్కనే ఫ్యూజు మాత్రం ఉండాలి. శీతాకాలంలో సోలార్ తీగ దానికి తగిలించనే వద్దు. ఏప్రిల్ చివర్లో మంచు కరిగాక ప్యానెళ్లకి కలిపి, మళ్లీ అక్టోబరులో విప్పేయండి.

ఫ్యాను వదులుకోవడం కుదరదంటే ఇలాంటివి రెండు తీసుకెళ్లాలి. అప్పటికీ బొటాబొటీగానే సరిపోతాయి.

పొరపాటున బ్యాటరీ కారులోనో క్యాబిన్‌లోనో గడ్డకట్టే చలిలో ఉండిపోయిందనుకోండి, కంగారు పడనక్కర్లేదు. లెడ్ లాగా పగలదు, అందులో నీళ్లు లేవు. గది వెచ్చబడిన వెంటనే చార్జర్ మాత్రం పెట్టొద్దు. మీకు చెమట పడుతున్నా, ఆ 12 కిలోల ముద్ద లోపల ఇంకా చల్లగానే ఉంటుంది. ఒక రాత్రంతా వదిలేయండి. ఇంకో చిక్కు: మైనస్ 20 దాటితే బీఎంఎస్ వాడకాన్ని కూడా ఆపేస్తుంది. లెడ్ బ్యాటరీ మసకబారి హెచ్చరిస్తుంది, ఇది ఆ మర్యాద కూడా పాటించదు, ఠక్కుమని చీకటి చేసేస్తుంది. టార్చిలైటు దగ్గర పెట్టుకోండి. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పడం కూడా ఎల్ఎఫ్‌పీతో కుదరదు, ముప్పావు ఉన్నా పావు ఉన్నా 13 వోల్టుల పైనే చూపిస్తుంది. లోపలికి వెళ్లిందీ బయటికి వచ్చిందీ లెక్కపెట్టే షంట్ మీటరు ఒకటి పెట్టించుకోండి.

శీతాకాలమంతా అక్కడే వదిలేయొచ్చా అన్నారు. మీరు లేనప్పుడు అక్కడ ఒక కెమెరానో, ఉష్ణోగ్రత చూపే పరికరమో నడవాలంటే దానికి లెడ్ బ్యాటరీయే వాడతాను, అందులో ఏజీఎం రకం, అంటే యాసిడ్ గాజుపీచు మెత్తల్లో ఇంకి ఉండే మూసేసిన బ్యాటరీ. నీళ్లు పోసే పని ఉండదు. నిండుగా చార్జ్ చేసి వదిలితే మైనస్ 30ని లెక్కచేయదు, చలిలో దానంతటది దిగిపోవడం కూడా చాలా తక్కువ. ఆ చలిలోనే సోలార్ మీద చార్జ్ కూడా అవుతుంది. ఈ ఒక్క విషయంలో లిథియం దాని ముందు దిగదుడుపే. అయితే చలిలో లెడ్‌కి చార్జింగ్ వోల్టేజీ పెంచాలి, 12 వోల్టుల బ్యాటరీకి డిగ్రీకి 20, 25 మిల్లీవోల్టుల చొప్పున. ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండే చార్జ్ కంట్రోలర్ 25 డిగ్రీల దగ్గర 14.4 వోల్టులు ఇస్తుంటే, మైనస్ 15లో 15 దాటి ఇవ్వాలి. బ్యాటరీకి అంటించే ఉష్ణోగ్రత సెన్సర్ ఉన్న కంట్రోలర్ అయితే అదే చూసుకుంటుంది. కంపెనీ చెప్పిన గరిష్ఠ వోల్టేజీ దాటకుండా సెట్ చేయండి. సెన్సర్ లేకపోతే రోజూ అరకొరగా ఎక్కి, ఎక్కి, చివరికి మళ్లీ ఖాళీ కడుపు కథే. ఇదే కంట్రోలర్‌కి వేసవిలో ఎల్ఎఫ్‌పీ తగిలించేటప్పుడు ఆ సర్దుబాటునీ, లెడ్ కోసం అప్పుడప్పుడు వోల్టేజీ పెంచే ఈక్వలైజ్ అనే సెట్టింగ్‌నీ ఆపేయడం మర్చిపోవద్దు. రెండు రకాల బ్యాటరీలని ఒకే తీగకి కలిపి కట్టొద్దు.

ప్యానెళ్లని కప్పు మీది నుంచి దించి, దక్షిణపు గోడకి దాదాపు నిలువుగా బిగించండి. మంచు నిలవదు, నేల మీది మంచు నుంచి తిరిగొచ్చే వెలుగు కూడా కలిసొస్తుంది. అప్పుడే ఇంకొకటి చూడండి, చాలామంది చూడనిది. చలికి ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది. 22 వోల్టుల ప్యానెళ్లు రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, ఉంటే 44 అనుకుంటాం. మైనస్ 40 ఉన్న పొద్దున ఎండ తగలగానే అవి 52 దాకా పోతాయి. మీ కంట్రోలర్ తట్టుకునేది 50 అయితే ఆ పొద్దున్నే అది కాలిపోతుంది. ప్యారలల్‌లో, అంటే ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్, కలిపితే ఈ టెన్షన్ లేదు.

కారు గురించి తమ్ముడి మాట వినకండి. ఇంజన్ తిప్పడానికి ఒక్క నిమిషంలోపు వందల ఆంపియర్లు కావాలి. దానికి లెడ్ బ్యాటరీల మీద సీసీఏ అని ఒక అంకె ఉంటుంది. మైనస్ 18 దగ్గర 30 సెకన్లపాటు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పే కొలత అది. చలి కోసమే పుట్టిన కొలత. మీ కారు మాన్యువల్ అడిగినదాని కంటే తగ్గకుండా, మంచి ఏజీఎం వేయించండి, నాలుగైదేళ్లు దాటితే శీతాకాలం రాకముందే టెస్ట్ చేయించండి. టవర్ వెళ్లి రెండు రోజులు బయట ఆపే కారుకి, ఇంజన్‌ని ముందే వెచ్చబెట్టే బ్లాక్ హీటర్ ఉన్నా ప్లగ్గు ఎక్కడుంది చెప్పండి? ఒక చిన్న జంప్ స్టార్టర్ క్యాబిన్ లోపల వెచ్చగా ఉంచుకుంటే చాలు. స్టార్ట్ అయ్యాక దాన్ని చార్జ్ చేయడం మాత్రం ఇంటికొచ్చాకే.

నాన్నగారితో వాదన పెట్టుకోవద్దు. ఆయన ఊళ్లో ఆయన మాట తప్పు కాదు. అక్కడ మే నెలలో 44 డిగ్రీలు కొడుతుంది. ఎండ లెడ్ బ్యాటరీ ఆయుష్షుని తినేస్తుంది, 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకీ సుమారు సగం చేస్తుంది. అలాంటి చోట ట్యూబులర్ బ్యాటరీ ఆరేళ్లు నడిచిందంటే ఆయన డిస్టిల్డ్ వాటర్ ఏనాడూ తప్పకుండా పోశారని అర్థం. చలిది వేరే లెక్క, బలం తగ్గిస్తుంది గానీ ఆయుష్షు తీయదు, మనం ఖాళీగా వదిలేస్తే తప్ప. లిథియం అంటే ఆయనకి ఇంకా అనుమానమే ఉంటే, లెడ్ బ్యాటరీల మీదే పైకొచ్చిన మన అమరరాజా వాళ్లు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన చేశారని చెప్పి చూడండి. ఆరేళ్లయింది అన్నారు కాబట్టి ఆ ఇన్వర్టర్ బ్యాటరీని ఈ వేసవి లోపు ఒకసారి గ్రావిటీ పట్టించమనండి. ఒక సెల్లు మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే దానికి ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు, మార్చేయాల్సిందే.